డబ్బా కొత్తదే, సామాను సంగతేంటి? పెట్రోల్ అంబాసిడర్ కొత్త స్పేర్లపై సమీక్ష

ముందుగా తీర్పు. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ ఉన్న పాత అంబాసిడర్‌ను మొత్తం విప్పి మళ్లీ కట్టేవాళ్లకు ఇవాళ బజారులో దొరికే కొత్త సామానులో ఇనుప సామాను కొలిచి తీసుకుంటే పర్వాలేదు. రబ్బరు సామాను పరీక్షించి తీసుకోవాలి. ఇగ్నిషన్ సామాను, అంటే స్పార్క్ పుట్టించేవి, మాత్రం డబ్బాలోంచి తీసి నేరుగా బండికి బిగించే స్థితిలో లేదు. ధర ఎక్కువైనా, దుకాణం పాతదైనా, డబ్బా మీద పెద్ద పేరున్నా ఇదే పరిస్థితి.

అంబాసిడర్‌ను చేసిన హిందుస్థాన్ మోటార్స్ వారి ఉత్తరపారా ఫ్యాక్టరీ 2014 మేలో మూతపడింది. అంబాసిడర్ అన్న పేరును 2017లో 80 కోట్లకు ఫ్రెంచి కార్ల కంపెనీ ప్యూజో కొనుక్కుంది. కాబట్టి ఇప్పుడు హిందుస్థాన్ మోటార్స్ డబ్బాలో దొరికే అసలు సామానంతా పాత నిల్వే. కోల్‌కతా మల్లిక్ బజార్, ఢిల్లీ కశ్మీరీ గేట్, చెన్నై జీపీ రోడ్డు, మన దగ్గర రాణీగంజ్, పుత్లీబౌలి, విజయవాడ ఆటోనగర్ ఎక్కడ వెతికినా కనిపించేవి మూడు రకాలు: ఆ పాత నిల్వ, రీప్లేస్‌మెంట్ కోసం ఇప్పటికీ చేస్తున్న సామాను, పేరున్న కంపెనీ డబ్బాలో వచ్చే నకిలీ. కౌంటర్ మీద ఈ మూడూ ఒకే రేకు అల్మరాలోంచి వస్తాయి.

పాత నిల్వ అనగానే కళ్లకద్దుకునేవాళ్లు ఎక్కువ. రోటార్, పాయింట్లు, బేరింగ్ షెల్లు, గేర్లు, షాఫ్టుల విషయంలో ఆ మోజు సబబే. ఆయిల్ సీళ్లు, బ్రేక్ రబ్బర్లు, డయాఫ్రమ్‌లు, హోస్ పైపుల విషయంలో మాత్రం కాదు. ఇరవై ఏళ్లు డబ్బాలో పడున్న రబ్బరు చూడ్డానికి బాగానే ఉంటుంది. వంచి చూస్తే సన్నని నెర్రెలు కనిపిస్తాయి, లేదా బండి వంద కిలోమీటర్లు తిరిగాక కారుతుంది.

ఇగ్నిషన్: ఎక్కువ తలనొప్పి ఇక్కడే

మొత్తం సామానులో అతి చౌకది రోటార్, అంటే డిస్ట్రిబ్యూటర్ లోపల తిరుగుతూ కరెంటును వంతులవారీగా ఒక్కో ప్లగ్గుకు పంపే ముక్క. బండిని నడిరోడ్డు మీద నిలబెట్టడంలో మొదటిదీ అదే. చేతిలోకి తీసుకుని తిరగేసి చూడండి. పైన ఇత్తడి పట్టీ ఉంటుంది, దాన్ని ప్లాస్టిక్‌కు పట్టి ఉంచే రివెట్ ఒకటుంటుంది. కింద స్పిండిల్ మీద కూర్చునే బోలులో చిన్న స్ప్రింగ్ క్లిప్పు ఉంటుంది. రివెట్ తోక చివరకూ ఆ క్లిప్పుకూ మధ్య ఉన్నది కాస్తంత ప్లాస్టిక్ మాత్రమే. బ్యాటరీ కరెంటును వేల వోల్టులకు పెంచే కాయిల్ నుంచి వచ్చే కరెంటును ఆపాల్సింది అదే. రివెట్ పొడవు కాస్త ఎక్కువైనా, ప్లాస్టిక్‌లో నల్లరంగు కోసం కలిపిన కార్బన్ మోతాదు మించినా కరెంటు ప్లగ్గులకు వెళ్లకుండా రివెట్ గుండా స్పిండిల్‌లోకి దూకి ఎర్త్ అయిపోతుంది. పైకి పగులు కనిపించదు. మల్టీమీటర్ పెట్టినా దొరకదు, ఎందుకంటే మీటర్ బ్యాటరీ వోల్టేజికి ఆ ప్లాస్టిక్ చక్కగానే పనిచేస్తుంది.

పట్టుకునే పద్ధతి ఇది. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి, రోటార్‌ను దాని స్థానంలోనే ఉంచండి. కాయిల్ నుంచి వచ్చే లావు వైరును క్యాప్‌లోంచి పీకి, దాని కొసను రోటార్ ఇత్తడి పట్టీకి 3 మిల్లీమీటర్ల ఎత్తులో పట్టుకోండి. చేత్తో కాదు, ఇన్సులేషన్ ఉన్న పట్టకారతో. సెల్ఫ్ కొట్టించండి. స్పార్క్ దూకకూడదు, దూకిందంటే రోటార్ లోపల ఎర్త్ అవుతున్నట్టే. ఇదే పరీక్షను ఇంజన్ బాగా వేడెక్కాక మరోసారి చేయాలి. చల్లగా ఉన్నప్పుడు గెలిచి వేడిలో ఓడిపోయే రోటార్లు ఉన్నాయి. రివెట్ లేకుండా ఇత్తడిని ప్లాస్టిక్‌లోనే పోతపోసిన రకం దొరికితే ఎక్కువ ధర పెట్టి అదే తీసుకోండి.

కాయిల్‌కు కరెంటును కలుపుతూ తెంచే పాయింట్ల మధ్య స్పార్క్ మితిమీరకుండా చూసే కండెన్సర్‌ది మరో కథ. లూకాస్ డిస్ట్రిబ్యూటర్‌కు 0.18 నుంచి 0.24 మైక్రోఫారాడ్ ఉండాలి. కెపాసిటెన్స్ కొలిచే మీటరు ఇప్పుడు మామూలు మల్టీమీటర్లలోనే వస్తోంది కాబట్టి కొలవకుండా కొనడానికి సాకు లేదు. ఒక్కసారి కొలిస్తే సరిపోదు. డబ్బాలో ఉన్నప్పుడు 0.22 చూపించేదే హెయిర్ డ్రయ్యర్‌తో చెయ్యి కాలేంత వేడి చేసి, వైరును అటూ ఇటూ కదిపితే సున్నాకు పడిపోవచ్చు. లోపల చుట్టిన రేకు చివరలు డబ్బాకు గట్టిగా ఆనకపోవడం, వైరు దగ్గర నొక్కు సరిగా పడకపోవడం దీనికి కారణాలు. బండిలో లక్షణం ఎలా ఉంటుందంటే, పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది, అరగంట తిరిగాక మిస్సింగ్ కొట్టి ఆగిపోతుంది, బానెట్ ఎత్తి చల్లారనిస్తే మళ్లీ ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. దీన్ని పెట్రోల్ ఆవిరై పంపులో గాలి పట్టిందనుకుని కార్బొరేటర్, పంపు, పైపులు అన్నీ విప్పేస్తారు. ముందు పాయింట్లు విడిపోయే చోట చూడండి. పెద్దగా, పసుపుపచ్చగా స్పార్క్ వస్తుంటే కండెన్సర్‌దే తప్పు.

బాగున్న పాత కండెన్సర్ చేతిలో ఉంటే దాన్ని పారేయకండి. డిస్ట్రిబ్యూటర్ లోపల వేడిలోనే కూర్చోబెట్టాలన్న నియమం కూడా లేదు. కాయిల్ మీద డిస్ట్రిబ్యూటర్ వైపు వెళ్లే టెర్మినల్‌కు కండెన్సర్ వైరు కలిపి, దాని ఒంటిని కాయిల్ క్లాంపు కింద బాడీకి బిగిస్తే అదే పని చేస్తుంది, ఇంజన్ వేడికి దూరంగానూ ఉంటుంది. షోకు పంపే బండికి అందం చెడుతుందనుకుంటే వేరే మాట.

పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, అంటే 14 నుంచి 16 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). కొత్త సెట్టులో మొదట చూడాల్సింది రెండు ముఖాలు ఒకదానికొకటి సమంగా ఆనుతున్నాయా అన్నది. అంచు మాత్రమే తగిలితే ఫిల్లర్ గేజీ సరైన గ్యాపే చూపిస్తుంది, పాయింట్ మాత్రం వారంలో గుంట పడుతుంది. రెండోది క్యామ్ మీద రాసుకునే హీల్. నాసిరకం ప్లాస్టిక్ అయితే కొన్ని వందల కిలోమీటర్లకే అరిగిపోతుంది. హీల్ అరిగితే గ్యాపు తగ్గుతుంది, గ్యాపు తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగ్ వెనక్కి జారుతుంది, బండి వేడెక్కుతుంది, పికప్ పోతుంది. అప్పుడు అందరి కళ్లూ రేడియేటర్ మీద పడతాయి. పాయింట్లు మార్చిన 200 కిలోమీటర్లకు గ్యాపు మళ్లీ కొలవండి. తగ్గి ఉంటే ఒకసారి సరిచేసి, క్యామ్ మీద శనగ గింజలో పావు వంతు గ్రీజు రాసి, ఇంకో 200 నడపండి. మళ్లీ తగ్గిందంటే ఆ సెట్టు వాపసే. గ్రీజు లేకుండా నడిపి హీల్ అరిగిందని దుకాణదారుడి మీదికి వెళ్తే న్యాయం ఆయన వైపే ఉంటుంది.

కాయిల్ దగ్గర చిక్కు నాణ్యతది కాదు, రకానిది. కాయిల్‌కు వెళ్లే కరెంటును తగ్గించే బ్యాలస్ట్ రెసిస్టర్ లేని పాత వైరింగ్‌కు ప్రైమరీ చుట్ట 3 ఓమ్‌ల దగ్గర ఉన్న కాయిల్ కావాలి. 1.5 ఓమ్‌ల కాయిల్ చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, బిగిస్తే స్టార్ట్ కూడా హుషారుగా అవుతుంది. తర్వాత కాయిల్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, పాయింట్లు మాడతాయి. కౌంటర్ దగ్గరే రెండు చిన్న టెర్మినళ్ల మధ్య మీటర్ పెట్టడానికి పది సెకన్లు. పాయింట్లకు బదులు ఎలక్ట్రానిక్ కిట్టు పెట్టేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. మొదటి తరం బండ్లలో బ్యాటరీ పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, అంటే బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి ఉంటుంది. నెగటివ్ ఎర్త్ కిట్టును దానికి కలిపితే మొదటిసారి కీ తిప్పగానే పోతుంది, దాన్ని ఎవరూ మార్చి ఇవ్వరు.

టాపెట్లు, పిస్టన్లు, షెల్లు

ఇంజన్ లోపలి సామానులో ఖరీదైన దెబ్బ టాపెట్లది, అంటే క్యామ్ షాఫ్ట్ మీద ఆనుతూ వాల్వులను తెరిపించే ముక్కలది. కొత్తవి మెత్తగా రావడం బీఎంసీ (అంబాసిడర్ ఇంజన్ మూలం ఈ బ్రిటిష్ కంపెనీదే) ఇంజన్ల వాళ్లకు దేశదేశాల్లో తెలిసిన జబ్బే. మెత్తటి టాపెట్ తనొక్కటే పోదు, క్యామ్ షాఫ్ట్‌ను కూడా నమిలేస్తుంది, ఆ ఇనుప రజను ఆయిల్‌తోపాటు బేరింగుల్లోకి వెళ్తుంది. బజారు సామానుకు రెండు పరీక్షలున్నాయి. ఒకటి ఆకురాయి పరీక్ష: క్యామ్‌కు తగిలే ముఖం మీద కాకుండా దాని అంచు మీద సన్నని ఆకురాయి పెట్టి ఒక్కసారి లాగండి. గట్టిపడిన లోహం మీద ఆకురాయి జారిపోతుంది. పట్టుకుని రజను రాలిందంటే వద్దు. రెండోది ముఖం ఆకారం. క్యామ్‌కు తగిలే ముఖం కంటికి చదునుగా కనిపించినా మధ్యలో ఇంత ఉబ్బి ఉండాలి. టాపెట్ తనచుట్టూ తాను తిరుగుతూ సమంగా అరగడానికి ఆ ఉబ్బే కారణం. రెండు టాపెట్ల ముఖాలను ఒకదానికొకటి ఆనించి, వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. అంచుల దగ్గర వెంట్రుకవాసి వెలుగు కనిపించి, నొక్కితే కాస్త ఊగాలి. వెలుగు మధ్యలో కనిపిస్తే గుంట పడ్డ ముఖం అన్నమాట. అది కొత్త డబ్బాలో వచ్చినా పాత ఇంజన్‌లోంచి తీసినా తుక్కే.

ఇక్కడ మన వైపు తప్పు కూడా ఉండొచ్చు. కొత్త క్యామ్, కొత్త టాపెట్లు వేశాక మొదటి స్టార్ట్‌లో ఇంజన్‌ను స్లోలో వదిలేస్తే మంచి సామాను కూడా పాడవుతుంది. స్లోలో క్యామ్ మీదికి చిమ్మే ఆయిల్ చాలదు. అసెంబ్లీ పేస్టు రాసి, జింక్ ఉన్న 20డబ్ల్యూ-50 ఆయిల్ పోసి, స్టార్ట్ అయిన వెంటనే 2000 ఆర్‌పీఎం దగ్గర 20 నిమిషాలు నడపాలి. కాబట్టి ఆ రోజుకు కార్బొరేటర్, టైమింగ్, నీళ్లు అన్నీ ముందే సిద్ధంగా ఉండాలి, సెల్ఫ్ కొడుతూ టైమింగ్ వెతుక్కునే రోజు కాదది. తర్వాత 500 కిలోమీటర్ల లోపు ఒకే వాల్వు గ్యాపు పదే పదే పెరుగుతుంటే ఆ టాపెట్ అరుగుతోందని లెక్క. ఆగి విప్పాల్సిందే.

పిస్టన్ల విషయంలో సామాను దాదాపు బాగానే ఉంటుంది, క్రమం తప్పితేనే నష్టం. పిస్టన్లు చేతికొచ్చి, నాలుగింటినీ మైక్రోమీటర్‌తో కొలిచాకే బ్లాకును బోరుకు ఇవ్వండి. డబ్బా మీద 40 ఓవర్‌సైజు (అసలు సైజు కన్నా 40 థౌ పెద్దది) అని రాసుంటే లేత్ వాళ్లు 40కి కొట్టేస్తారు. లోపలి పిస్టన్ రెండు థౌ చిన్నదైతే ఆ బ్లాకును వెనక్కి తేలేం, మళ్లీ పై సైజుకు పోవాల్సిందే. నాలుగు పిస్టన్లను వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచి, బరువుల్లో తేడా ఎక్కువుంటే సెట్టు మార్పించండి. రింగును బోరులోకి దింపి, పిస్టన్‌తో చదునుగా తోసి, కొసల మధ్య గ్యాపు కొలవండి. 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. తక్కువుంటే ఆకురాయితో సరిచేయొచ్చు. మరీ ఎక్కువుంటే పిస్టన్ డబ్బాలో తక్కువ సైజు రింగులు పెట్టారన్నమాట, ఈ కలగాపులగం తరచూ జరిగేదే. బేరింగ్ షెల్లకు వెనక గుద్దిన అంకె చూడండి, దాన్నీ నమ్మకుండా ప్లాస్టీగేజ్ (నలిగి సందు ఎంతో చూపే సన్నని ప్లాస్టిక్ దారం) పెట్టి బిగించి చూడండి.

హెడ్ గాస్కెట్ గురించి ఒక్క మాట చాలు: బ్లాకు స్టడ్ల మీదికి దింపి, ప్రతి నీళ్ల రంధ్రం, ప్రతి సిలిండర్ అంచు కంటితో చూడండి. ఇత్తడి రింగు సిలిండర్‌లోకి పొడుచుకొస్తే అది కాలి పేలుతుంది.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఒక సౌలభ్యం ఉంది. 1955లో మొదలైన ఎంజీఏ 1500 అనే బ్రిటిష్ కారులో ఉన్నదీ ఇదే 1489 సీసీ ఇంజన్ కుటుంబం. బ్రిటన్‌లో ఆ కారుకు స్పేర్లు ఇప్పటికీ విరివిగా అమ్ముతారు. టైమింగ్ చైను, టాపెట్లు, గాస్కెట్లు బంధువుల పెట్టెలో తెప్పించుకునేవాళ్లు ఉన్నారు. మంచి దారే, కాకపోతే అక్కడి సామానులోనూ రోటార్, కండెన్సర్ జబ్బులు ఇవే. పాతదాని పక్కన పెట్టి కొలిచాకే బిగించాలి, సరిపోకపోతే వాపసు పంపే ఖర్చు సామాను ధర దాటిపోతుంది.

బ్రేకులు: ఇక్కడ రాజీ లేదు

పాత అంబాసిడర్ బ్రేక్ పైపుల నట్లు 3/8 యూఎన్ఎఫ్ (అంగుళాల కొలత థ్రెడ్డు), అంగుళానికి 24 చుట్లు. ఇప్పటి బజారులో ఎక్కువగా దొరికేది ఎం10 (మిల్లీమీటర్ల కొలత, అంటే మెట్రిక్), ఒక మిల్లీమీటర్ పిచ్. మొదటిది 9.5 మిల్లీమీటర్లు, రెండోది 10. కంటికి తేడా తెలియదు. ప్రమాదం ఎక్కడంటే, 3/8 నట్ మెట్రిక్ రంధ్రంలోకి హాయిగా దిగుతుంది, కొస దగ్గర బిగిసినట్టే ఉంటుంది, కానీ థ్రెడ్డు సగమే పట్టి ఉంటుంది. గట్టిగా బ్రేక్ తొక్కిన రోజు ఊడొస్తుంది. కొత్త హోస్ పైపు గానీ వీల్ సిలిండర్ గానీ తెచ్చినప్పుడు వెర్నియర్ పెట్టండి. తర్వాత నట్‌ను వేళ్లతో తిప్పండి. చివరిదాకా వేళ్లతోనే పోవాలి, పోతున్నప్పుడు పక్కలకు ఊగకూడదు. ‘పానా పెడితే అదే సెట్టవుద్ది’ అన్న మాట బ్రేకుల దగ్గర వినిపిస్తే బండి అక్కడినుంచి తీసేయండి.

రబ్బరు కప్పుల్లోనూ ఇదే అంగుళం, మిల్లీమీటర్ గోల. ముప్పావు అంగుళం అంటే 19.05, ఏడు బై ఎనిమిది అంటే 22.2, అంగుళం అంటే 25.4. పక్కనున్న 19, 22, 25 మిల్లీమీటర్ల కప్పులు దూరతాయి, మొదటి రోజు పని కూడా చేస్తాయి. సిలిండర్ బోరు కొలవకుండా కిట్టు కొనకండి. రబ్బరు రకానికి ఇంటి పరీక్ష ఒకటుంది. కిట్టులో ఒక కప్పు వ్యాసం కొలిచి రాసుకోండి. మీరు వాడబోయే డాట్ 3 లేదా డాట్ 4 ఆయిల్‌లో గాజు సీసాలో వేసి మూత బిగించి వారం ఉంచండి. తీసి తుడిచి కొలవండి. పెదవి సాగి వదులైనా, చేతికి నల్లగా అంటినా, చూపుకు తెలిసేంత ఉబ్బినా ఆ కిట్టు మొత్తం పక్కన పెట్టండి. ఒక కప్పు పోతుంది, బండి మిగులుతుంది.

కొత్త వీల్ సిలిండర్లలో కనిపించే లోపాలు రెండు: పోతలో సన్నని రంధ్రాలు, గాలి తీసే బ్లీడర్ స్క్రూ కూర్చునే చోట కోను సరిగా తీయకపోవడం. బండికి ఎక్కించకముందే పిస్టన్లు కదలకుండా క్లాంపు వేసి, బ్రేక్ ఆయిల్ నింపి, బ్లీడర్ మూసి, పాత పేపరు మీద రాత్రంతా ఉంచండి. పొద్దున పేపరు మీద మరక పడితే వాపసు. నిజం చెప్పాలంటే, పాత అసలు సిలిండర్ ఒళ్లు బాగుంటే దానికే లేత్ మీద ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్లీవు వేయించడం కొత్తది కొనడంకన్నా మేలు. కూలి కొంచెం ఎక్కువే అవుతుంది, కొలత మాత్రం అసలుదే ఉంటుంది.

పెట్రోలు, నీళ్లు

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత నిల్వ పంపు కిట్టుల డయాఫ్రమ్‌లు, హోస్ పైపులు ఈ పెట్రోల్ కోసం చేసినవి కావు. కొత్తగా వస్తున్నవాటిలో కూడా డబ్బా మీద ఇథనాల్ మాట రాసి లోపల మామూలు రబ్బరు పెట్టినవి ఉన్నాయి. పైపు ముక్క కోసి, మీరు పోయించే బంకు పెట్రోల్‌లోనే మూత ఉన్న గాజు సీసాలో వారం ఉంచండి. సీసాను ఇంటి బయట నీడలో పెట్టండి. పైపు మెత్తబడినా, పెట్రోల్ రంగు మారినా ఆ రకం వద్దు. ఫ్లోరో రబ్బరు పైపు మీటరు ధర మూడు నాలుగు రెట్లు ఉంటుంది, బండికి పట్టేది మహా అయితే మీటరు. ఇక్కడ పొదుపు చేయడంలో అర్థం లేదు.

మెకానికల్ పంపు కొత్తది వేశాక కార్బొరేటర్ పొంగితే ముందు కార్బొరేటర్‌ను తిట్టకండి. పంపు స్ప్రింగు గట్టిదైతే ఒత్తిడి పెరిగి, కార్బొరేటర్‌లోకి పెట్రోల్‌ను ఆపే నీడిల్ వాల్వును తోసేస్తుంది. గేజీ పెట్టి చూస్తే ఒకటిన్నర, రెండున్నర పీఎస్ఐ మధ్య ఉండాలి. మూడు దాటితే పంపుదే తప్పు.

వాటర్ పంపును చేతిలో తిప్పి చూడడం అందరూ చేసేదే. దానివల్ల బేరింగు సంగతి తెలుస్తుంది గానీ, వేడెక్కడానికి కారణమయ్యే లోపం తెలియదు. లోపల నీళ్లను తోసే ఇంపెల్లర్‌ను షాఫ్టు మీద ఎంత లోతుకు నొక్కారన్నది ముఖ్యం. ఇంపెల్లర్‌కూ పంపు ఒంటికీ మధ్య ఫిల్లర్ గేజీ పెడితే అర మిల్లీమీటరు నుంచి ముప్పావు మిల్లీమీటరు రావాలి. ఒకటిన్నర వచ్చిందంటే పంపు తిరుగుతుంది, నీళ్లు తిరగవు. హబ్ వంకరగా నొక్కి ఉంటే ఫ్యాన్ ఊగుతుంది. బిగించాక ఇంజన్ ఆపి, రెక్క కొస దగ్గర పెన్సిల్ ఆనించి చేత్తో తిప్పితే తెలిసిపోతుంది. పంపు మూడు నెలల్లో కారిందని తెచ్చేవాళ్లలో చాలామంది బెల్టు అతిగా బిగించినవాళ్లే. పొడుగు వైపు బెల్టును బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి.

ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు, అంటే థర్మోస్టాట్, తీసేసి నడపడం మన దగ్గర ఆనవాయితీ. చలికాలం తెల్లవారుజామున ఇంజన్ సరైన వేడికి రాక ఆయిల్ మడ్డి కడుతుంది. కొత్తది కొని, దారంతో కట్టి గిన్నెలో నీళ్లల్లో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాచండి. మన ఎండలకు 74 లేదా 82 డిగ్రీలది సరిపోతుంది. దాని మీద రాసిన అంకెకు రెండు మూడు డిగ్రీల అటూ ఇటూగా తెరుచుకోవడం మొదలవ్వాలి, చల్లారాక పూర్తిగా మూసుకోవాలి. నీళ్లు మరిగినా తెరుచుకోనిది దొరికితే ఆశ్చర్యపోవద్దు.

రేకు సామాను, అంటే మడ్‌గార్డులు, డోర్ కింది రేకులు, పలచగా ఉంటాయన్నది పాత ఫిర్యాదే. అంతకన్నా పెద్ద చిక్కు వంపులది. తలుపులు వేలాడదీసి, బానెట్ పెట్టి, క్లాంపులతో పట్టించి సందులు చూశాకే వెల్డింగ్ గానీ ప్రైమర్ గానీ. ప్రైమర్ పడ్డ రేకును ఏ దుకాణమూ వెనక్కి తీసుకోదు. తీసుకోకపోవడం సబబే.

సస్పెన్షన్ బుష్‌లు రెండు నెలలకే చిరిగాయంటే సగం సందర్భాల్లో రబ్బరు తప్పు కాదు. బండి జాకీ మీద, చక్రాలు గాల్లో ఉండగా బోల్టులు బిగించేస్తారు. కిందికి దింపగానే బుష్ ఎప్పటికీ మెలితిరిగే ఉంటుంది. చక్రాలు నేల మీద, బండి బరువు దిగాకే చివరి బిగింపు.

దుకాణంతో వ్యవహారం

ఎక్కడ కొన్నా బిల్లు అడగండి, బిల్లు మీ పేరుతోనే రాయించండి, గ్యారేజీ పేరుతో కాదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వ్యాపారం కోసం కొన్నవారు మామూలుగా వినియోగదారుల కిందికి రారు. అదే చట్టం బిల్లు ఇవ్వకపోవడాన్నీ, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడాన్నీ అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. బిల్లు కింద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని అచ్చేసి ఉన్నా లోపమున్న సరుకుకు అది వర్తించదు. మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, రెండేళ్ల లోపు వెళ్లాలి.

రోటార్ కోసం కమిషన్‌కు ఎవరూ వెళ్లరు, అది దుకాణదారుడికీ తెలుసు. అందుకే అసలు పని 30 రోజుల లెక్కలోనే ఉంది. బాడీ పని, పెయింటు పని నెలలు పట్టే ఈ వ్యవహారంలో సామాను మొత్తం ఒకేసారి కొని అటక మీద పెట్టడం పెద్ద పొరపాటు. డబ్బా విప్పేసరికి గడువు దాటిపోతుంది. ఏ వారం బిగిస్తారో ఆ వారం కొనండి. లేదా కొన్న రోజే పైన చెప్పిన కొలతలన్నీ తీసేయండి. ఇందులో చాలా పరీక్షలకు బండితో పని లేదు, వెర్నియర్, ఫిల్లర్ గేజీ, మల్టీమీటర్, రెండు గాజు సీసాలు చాలు.

లోపం దొరికితే మాటల్లో చెప్పకండి. డబ్బా, సామాను, దాని మీద పెట్టిన మీటర్ అంకె ఒకే ఫొటోలో వచ్చేలా తీసి అదే రోజు వాట్సాప్ చేయండి. ‘మీ మెకానిక్ పాడుచేశాడు’ అన్న వాదనకు అప్పుడు తావుండదు. మార్చి ఇచ్చిన రెండో పీసును అదే కౌంటర్ మీద మీటర్‌తో చూడండి, ఎందుకంటే ఒక పెట్టెలో పది ఉంటే పదీ ఒకే బ్యాచ్‌వి. రెండూ పోయాయంటే మూడోది అడగకుండా డబ్బు వెనక్కి అడగండి.

పాత సామాను ఇస్తే ధర తగ్గిస్తామనే దుకాణాలున్నాయి. డైనమో, స్టార్టర్, పంపు, డిస్ట్రిబ్యూటర్ ఏదైనా సరే, కొత్తది బండిలో వేడెక్కి, చల్లారి, మళ్లీ వేడెక్కి కనీసం 500 కిలోమీటర్లు తిరిగేదాకా పాతది చేజార్చుకోవద్దు.